ఎవరికండీ పిచ్చి? పాత గోథిక్ కథల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

పంతొమ్మిదో శతాబ్దపు అమెరికా రచయిత ఎడ్గార్ అలన్ పో కథలు, ఆ కాలపు మిగతా భయం కథలు ఇష్టంగా చదువుతానని తెలిసినవాళ్ళు నన్ను అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఇవే. ఫోన్లో ఒకరికి, టీ కొట్టు దగ్గర ఇంకొకరికి చెప్పిన జవాబుల్ని ఇక్కడ ఒకచోట పెట్టాను. కథల ముగింపులు మాత్రం దాచలేదు. వందేళ్ళు దాటిన కథలకి సస్పెన్స్ కాపాడటం నా వల్ల కాదు. పైగా ముగింపు తెలిశాక రెండోసారి చదివితేనే ఇవి ఎక్కువ భయపెడతాయి.

గోథిక్ కథ అంటే దయ్యం కథేనా?

కాదు. దయ్యం ఉంటే ఉండొచ్చు. నాకు నచ్చిన వాటిలో చాలావాటిల్లో లేదు.

గోత్‌లు అని ఐరోపాలో ఒక పాత జాతి ఉండేది. వాళ్ళ పేరు మధ్యయుగాల కోటలకీ చర్చిలకీ తగులుకుంది. మొదట్లో అది మెచ్చుకోలు కాదు, మోటు అని వెక్కిరింపు. 1764లో హొరేస్ వాల్‌పోల్ అనే ఇంగ్లీషు దొర ‘ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’ అనే నవల రాశాడు. తానే రాశానని చెప్పుకోవడానికి జంకి, ఏదో పాత ఇటాలియన్ ప్రతికి అనువాదమని అచ్చేయించాడు. జనానికి నచ్చింది. మరుసటి ఏడాది రెండో ముద్రణలో రాసింది తానేనని ఒప్పుకుని, ‘ఒక గోథిక్ కథ’ అని పేరు కింద తగిలించాడు. అక్కడి నుంచి కోట, సొరంగం, దుర్మార్గుడైన ప్రభువు, చేతిలో దీపంతో పారిపోయే అమ్మాయి, ఇదే సరుకు కొన్ని దశాబ్దాలు ఇంగ్లీషు నవలల్లో నడిచింది.

చిన్న కథ దగ్గరికి వచ్చేసరికి ఆ కోట చిక్కిపోయింది. ముందు ఒక ఇల్లయింది, తర్వాత ఒక గది అయింది, చివరికి ఒక మనిషి తలకాయ అయింది. పో కథల్లో జర్మనీ కథల వాసన కొడుతోందని విమర్శకులు దెప్పేవారు. 1840 సంవత్సరం వేసి వచ్చిన తన కథల సంపుటి ముందుమాటలో ఆయన దానికి జవాబిచ్చాడు. తాను రాసే భయం జర్మనీది కాదు, ఆత్మది అన్నాడు.

పో లాంటివాళ్ళు నవల వదిలేసి చిన్న కథనే ఎందుకు పట్టుకున్నారు?

ఒక కారణం పొట్టకూడు. పత్రికలకి కథలు కావాలి. 1817లో ఎడిన్‌బరాలో మొదలైన బ్లాక్‌వుడ్స్ పత్రిక ఒళ్ళు గగుర్పొడిచే కథలకి పేరుపడింది. ఆ తరహా కథ ఎలా వండాలో చెబుతున్నట్టుగా పో 1838లో ఒక వెటకారపు రచన కూడా చేశాడు. వెటకారం చేసినవాడే ఆ వంటలో చెయ్యి తిరిగినవాడు కావడం వేరే సంగతి.

రెండో కారణం ఆయన 1842లో తోటి అమెరికా రచయిత నథానియెల్ హాథార్న్ కథల మీద రాసిన సమీక్షలో ఉంది. కథ అరగంట నుంచి ఒకటి రెండు గంటల్లో, కూర్చున్న చోటు నుంచి లేవకుండా ముగియాలి. పాఠకుడి మీద ఒక్కటే ప్రభావం పడాలి. మొదటి వాక్యం నుంచే దానికోసం పనిచెయ్యాలి. మధ్యలో పుస్తకం మూసి పాలు కాచడానికి లేచామా, బయటి ప్రపంచం లోపలికొస్తుంది, భయం దిగిపోతుంది. టీవీలో దయ్యాల సీరియల్ ఎందుకు భయపెట్టదో నాకు ఈ సమీక్ష చదివాకే అర్థమైంది. దయ్యం చెయ్యి తలుపు మీద పడగానే సబ్బు ప్రకటన వస్తుంది.

భయమూ అసహ్యమూ ఒకటేనా? రక్తం ఎక్కువుంటే గోథిక్ అయిపోతుందా?

ఈ తేడాని అందరికంటే బాగా చెప్పింది ఆన్ రాడ్‌క్లిఫ్. 1790లలో ఇంగ్లండులో బాగా పేరున్న నవలా రచయిత్రి ఆవిడ. పోయిన మూడేళ్ళకి, 1826లో, ఆవిడ వ్యాసం ఒకటి అచ్చయింది. ఒక రకం భయం మనసుని విప్పారేలా చేస్తుంది, ఇంద్రియాల్ని మేల్కొలుపుతుంది. ఇంకో రకం మనసుని ముడుచుకుపోయేలా చేసి గడ్డకట్టిస్తుంది. మొదటిది వస్తుందేమో అన్న భయం, రెండోది కళ్ళెదుట కనబడ్డ ఘోరం.

మనవాళ్ళకి ఇది కొత్త విషయమేమీ కాదు. భరతుడి నాట్యశాస్త్రంలో భయానకం వేరు, బీభత్సం వేరు. ఒకదానికి మూలమైన స్థాయి భావం భయం, ఇంకోదానికి జుగుప్స. భయానకం ఎందువల్ల పుడుతుందో చెబుతూ ఆయన వికృతమైన అరుపులు, అడవి, శూన్యగృహం అంటాడు. ఆ పక్కనే గురువుకో రాజుకో చేసిన అపరాధం అంటాడు. పాడుబడ్డ ఇల్లు, చేసిన తప్పు. గోథిక్ కథకి ముడిసరుకు ఈ రెండే. వాల్‌పోల్ నాట్యశాస్త్రం చదివాడని నేను అనడం లేదు. భయం ఎక్కడైనా ఒకే దారిన వస్తుందేమో అంటున్నాను.

పో భయానకాన్నీ బీభత్సాన్నీ కలిపేవాడు. 1843లో వచ్చిన ‘ది బ్లాక్ క్యాట్’ కథలో తాగిన మత్తులో ఒకడు పెంపుడు పిల్లి కన్ను చాకుతో పెకలిస్తాడు. అది బీభత్సం, నేను ఆ పేరా ఇప్పటికీ గబగబా దాటేస్తాను. చివర్లో అతను పోలీసుల ముందు గోడ ఎంత గట్టిదో చూడండని కర్రతో తడితే, భార్య శవాన్ని పెట్టి కట్టేసిన ఆ గోడలోంచి ఏడుపు లాంటి అరుపు వస్తుంది. అది భయానకం. ఏళ్ళ తరబడి గుర్తుండేది ఆ రెండోదే.

అషర్ కథలో ఏమీ జరగదు కదా, అంత గొప్పగా ఎందుకు చెబుతారు?

‘ది ఫాల్ ఆఫ్ ది హౌస్ ఆఫ్ అషర్’, 1839. నిజమే, మొదటి సగంలో జరిగేది తక్కువ. ఒకాయన శరత్కాలంలో ఒక మబ్బు రోజున గుర్రం మీద చిన్ననాటి స్నేహితుడు రోడరిక్ ఇంటికి వెళ్తాడు. ఇంటి కిటికీలు ఖాళీ కళ్ళలా ఉంటాయి. ముందు నల్లటి మడుగు, అందులో ఆ ఇంటి నీడ తలకిందులుగా. పరీక్షగా చూస్తే కప్పు నుంచి మడుగు దాకా వంకరటింకరగా దిగిన సన్నని పగులు ఒకటి కనబడుతుంది. లోపల రోడరిక్‌కి ఇంద్రియాలు మరీ పదునెక్కిపోయి ఉంటాయి. గట్టి వెలుతురు పడదు, కొన్ని తీగ వాద్యాలు తప్ప ఏ చప్పుడూ పడదు. చెల్లెలు మాడెలిన్‌కి ఒళ్ళు కొయ్యబారిపోయే జబ్బు. ఆమె చనిపోయిందనుకుని ఇంటి కింది గదిలో పెట్టి మూస్తారు. కొన్నాళ్ళకి ఒక తుఫాను రాత్రి ఆమె లేచి వస్తుంది. అన్న మీద పడుతుంది, ఇద్దరూ పోతారు. వచ్చినాయన పారిపోతూ వెనక్కి చూస్తే పగులు విచ్చుకుని ఇల్లంతా మడుగులో కలిసిపోతుంది.

ఇంగ్లీషులో ‘హౌస్’ అంటే ఇల్లూ, వంశమూ. పేరులోనే ఆ రెండర్థాలూ పెట్టాడు పో. ఆ ఊరి రైతులు కూడా ఇంటినీ కుటుంబాన్నీ కలిపి ఆ పేరుతోనే పిలుస్తారని కథలో చెబుతాడు. ఇంగ్లీషు క్లాసులో ఈ ముక్క వివరించడానికి లెక్చరర్లు ఆపసోపాలు పడతారు. తెలుగువాడికి వివరణ అక్కర్లేదు. మనకి వంశం పేరే ‘ఇంటిపేరు’. ఇక చివర్లో జరిగేది అక్షరాలా కొంప మునగడమే. జాతీయంగా వాడి వాడి మనం మర్చిపోయిన బొమ్మని పో నిజంగా గీసి చూపించాడు. నాకైతే ఆ మాట తట్టిన రోజు నుంచి కథ ఇంకా బాగా అర్థమైంది.

కాబట్టి వర్ణన అంతా అలంకారం కాదు. ఆ పగులు రోడరిక్ బుర్రలోది. ఆ కళ్ళలాంటి కిటికీలు అతని ముఖానివి. వాతావరణం అనే మాటని ఇలాంటి కథల గురించి వాడినప్పుడు మబ్బు, వాన, గబ్బిలం అనుకుంటాం. నా లెక్కలో అది సాక్ష్యం. పాత్ర నోరు విప్పి చెప్పని సంగతిని గోడలు ముందే చెప్పేస్తుంటాయి.

ఇంకో చిన్న మాట. కథ చెబుతున్న స్నేహితుడిని కూడా అంత నమ్మకండి. ఆమె బుగ్గల మీద ఇంకా ఎరుపు ఉందని చూసి కూడా శవపేటిక మూతకి మరలు బిగించడంలో సాయం చేశాడు.

కథ చెప్పేవాడికి మతి చలించిందని మనకెలా తెలుస్తుంది?

అతనే చెబుతాడు, చలించలేదని.

పో రాసిన ‘ది టెల్-టేల్ హార్ట్’ కథ 1843 జనవరిలో బోస్టన్ పత్రిక ఒకదాంట్లో వచ్చింది. ఇంగ్లీషులో రెండు వేల పైచిలుకు మాటలు, అంతే. మొదటి వాక్యంలోనే అతను మనల్ని నిలదీస్తాడు: నాకు కంగారు ఎక్కువే, ఒప్పుకుంటాను, పిచ్చి అని మాత్రం ఎందుకంటారు? అప్పటికి మనం ఏమీ అనలేదు! అనని మాటకి జవాబు చెప్పుకునేవాడిని చూస్తే ఎవరికైనా ఏదో తేడాగా ఉందనిపిస్తుంది.

తర్వాత రుజువులు చూపిస్తాడు. ముసలాయన మీద కోపం లేదు, ఆయన డబ్బు మీద ఆశ లేదు. ఆయన కన్నొకటి రాబందు కన్నులా ఉంది, లేత నీలం, పైన పొర. అది పడ్డప్పుడల్లా ఒళ్ళు చల్లబడేది. అందుకని చంపాలనుకున్నాడు. ఏడు రాత్రులు, సరిగ్గా అర్ధరాత్రి, తలుపు సందులోంచి తల దూర్చాడు. తల పూర్తిగా లోపలికి పోనివ్వడానికే గంట పట్టిందట. పిచ్చివాడైతే ఇంత ఓపిక పట్టగలడా అని మురిసిపోతాడు. మనకి వణుకు పుట్టేది సరిగ్గా ఆ ఓపిక చూసే.

ఇక్కడే ఈ కథలన్నిటి కీలకం ఉందని నా నమ్మకం. భయం హత్య వల్ల రాదు, దయ్యం వల్ల రాదు. గొంతు వల్ల వస్తుంది. తర్కం ఎక్కడా తప్పదు, లెక్కలన్నీ సరిపోతాయి, మొదలుపెట్టిన చోటే తప్పు. పిచ్చివాడంటే తెలివి పోయినవాడు అనుకునేవాళ్ళకి పో చూపించింది తెలివి తప్ప ఇంకేమీ మిగలని మనిషిని.

చివర్లో వినబడే గుండె చప్పుడు ఎవరిది?

శవాన్ని ముక్కలు చేసి నేల చెక్కల కింద దాచాక, తెల్లవారుజామున నాలుగింటికి ముగ్గురు పోలీసులు వస్తారు. అతను ఆ చెక్కల మీదే కుర్చీ వేసుకుని నవ్వుతూ మాట్లాడతాడు. అప్పుడు చప్పుడు మొదలవుతుంది, దూదిలో చుట్టిన గడియారం కొట్టుకున్నట్టు. హత్యకి ముందు ముసలాయన గుండెకి చెప్పిన పోలికా ఇదే, మాట మారలేదు.

చచ్చినవాడి గుండె అని కొందరు. తన గుండెచప్పుడే తనకి వినబడిందని చాలామంది. నాకు ఇష్టమైనది మూడోది. పాత ఇళ్ళ కలపలో ఒక రకం పురుగు ఉంటుంది, తలని చెక్కకేసి కొట్టి టిక్ టిక్ అంటుంది. రాత్రి అది వినబడితే ఇంట్లో చావు ఖాయమని ఇంగ్లీషువాళ్ళ నమ్మకం, మన బల్లిశాస్త్రం లాగా. రోజూ రాత్రి గోడల్లో ఆ పురుగు చప్పుడు వింటూ కూర్చునేవాడినని అతను కథ మధ్యలో ఒక్క ముక్క జారవిడుస్తాడు. చాలామంది చదువుతూ దాన్ని దాటేస్తారు. అది పట్టుకుంటే, ఆ చప్పుడు హత్యకంటే ఎంతో ముందు నుంచీ అతని వెంట ఉన్నదే.

ఏది ఒప్పు? తేల్చుకోలేకపోవడమే బాగుంది.

ఆ కన్ను సంగతి మన దిష్టి లాంటిదా?

పైకి అలాగే ఉంటుంది, అతను కూడా చెడ్డ కన్ను అనే అంటాడు. కానీ దిష్టి పెట్టేవాడి కడుపులో అసూయ ఉంటుంది. ఈ ముసలాయన పాపం ఏమీ ఎరగడు. ఎండు మిరపకాయలు దిష్టి తీసి పొయ్యిలో వేస్తే తీరే సమస్య కాదిది.

అతన్ని ఇవాళ మన కోర్టులో నిలబెడితే పిచ్చి అని వదిలేస్తారా?

లాయర్ మిత్రులు ఉన్న చోట ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. సరదా విషయం ఏమిటంటే, కథ అచ్చయిన 1843 జనవరిలోనే లండన్‌లో డేనియెల్ మెక్‌నాటెన్ అనే అతను బ్రిటన్ ప్రధాని రాబర్ట్ పీల్ కార్యదర్శి ఎడ్వర్డ్ డ్రమండ్‌ని కాల్చాడు. తనని వెంటాడి వేధిస్తున్నారన్న భ్రమలో ఉన్నాడని కోర్టు అతన్ని నిర్దోషిగా తేల్చింది. దేశం భగ్గుమంది. దాంతో న్యాయమూర్తులు కొన్ని సూత్రాలు చెప్పారు. పిచ్చి అని వదలాలంటే, ఆ పని చేసేటప్పుడు, మనసు బాగాలేనందువల్ల, తాను చేస్తున్నదేమిటో లేదా అది తప్పని అతనికి తెలియని స్థితి ఉండాలి.

మన 1860 నాటి శిక్షాస్మృతిలో 84వ సెక్షన్ ఆ బాటలోదే. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్ అయింది. దాని ప్రకారం చూస్తే మనవాడు బయటపడటం కష్టం. శవాన్ని దాచాడు, రక్తం మరక లేకుండా చూసుకున్నాడు, పోలీసులకి అబద్ధం చెప్పాడు. తప్పని తెలియనివాడు ఇవేవీ చెయ్యడు. తనకి పిచ్చి లేదని కథంతా వాదించి వాదించి తన కేసు తానే పాడుచేసుకున్నాడన్నమాట. అతను వాదనలో గెలిస్తే ఉరి, ఓడితే ఆసుపత్రి.

పో కే పిచ్చి ఉండేదట కదా?

ఈ పుకారుకి ఒక తండ్రి ఉన్నాడు. 1849 అక్టోబర్ 7న పో బాల్టిమోర్‌లో చనిపోయాడు. నాలుగు రోజుల ముందు అక్కడే ఒంటి మీద తెలివి లేని స్థితిలో దొరికాడు, చావుకి కారణం ఇప్పటికీ తేలలేదు. రెండు రోజులకే న్యూయార్క్ పత్రికలో ‘లుడ్విగ్’ అనే దొంగ పేరుతో ఒక సంతాప వ్యాసం వచ్చింది. సంతాపం పేరుకే, నిండా విషం. రాసింది రూఫస్ గ్రిస్‌వోల్డ్, పో మీద పాత కక్ష ఉన్న సంపాదకుడు. ఆ తర్వాత పో రచనలు అచ్చు వేసే పని కూడా ఆయన చేతికే వచ్చింది. వాటితో పాటు జీవిత చరిత్ర రాసి తాగుబోతు, తిక్కమనిషి అనే ముద్ర గట్టిగా వేశాడు.

తాగుడు బలహీనత నిజమే. దరిద్రం నిజం. భార్య వర్జీనియా క్షయతో ఏళ్ళ తరబడి తీసుకుని 1847లో పోవడం నిజం. కానీ ఆయన పత్రికలకి సంపాదకుడిగా పనిచేశాడు, కామా దగ్గర కూడా రాజీపడని విమర్శకుడు. మతి చెడినవాడు మతి చెడినవాడి గొంతుని ఇంత కొలిచి రాయలేడు. కథలో ‘నేను’ అని ఉన్నంత మాత్రాన రాసినవాడి నెత్తిన రుద్దే అలవాటు మన దగ్గరా తక్కువేం కాదు.

‘ది ఎల్లో వాల్‌పేపర్’ దయ్యం కథా, ఆడవాళ్ళ కథా?

రెండూ ఎందుకు కాకూడదు? ఈ కథ గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

దీన్ని రాసిన అమెరికా రచయిత్రి షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1885లో కూతుర్ని కన్నాక తీవ్రమైన కుంగుబాటులో పడింది. 1887లో ఫిలడెల్ఫియాలో సైలస్ వేర్ మిచెల్ అనే పేరున్న నరాల వైద్యుడి దగ్గరికి వెళ్ళింది. ఆయన ప్రసిద్ధి ‘విశ్రాంతి చికిత్స’: పడుకోవడం, బాగా తినడం, ఏ పనీ చెయ్యకపోవడం. ఇంటికి పంపుతూ, వీలైనంత ఇంటిపట్టునే ఉండు, రోజుకి రెండు గంటలకి మించి బుర్రకి పని పెట్టకు, బతికున్నంతకాలం కలం గానీ కుంచె గానీ ముట్టకు అన్నాడని ఆవిడ తర్వాత రాసుకుంది. మూడు నెలలు అలా చేసి మతి పోయే అంచుదాకా వెళ్ళి, సలహాని అవతల పారేసి మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. కథ 1892 జనవరిలో అచ్చయింది.

కథలో ఒక బాలింత. భర్త డాక్టరు. అద్దెకి తీసుకున్న పెద్ద ఇంట్లో మేడ మీది గది ఇస్తాడు. కిటికీలకి ఊచలు, మంచం నేలకి బిగించి ఉంటుంది. గోడకి రోతపుట్టించే పసుపు కాగితం. రాయడం నిషేధం, అందుకే దొంగచాటుగా రాస్తుంది, మనం చదివేది ఆ రాతే. మొదట కాగితం నచ్చదు. తర్వాత ఆ డిజైను వెంట కళ్ళు తిప్పుతుంది. తర్వాత దాని వెనక ఒక ఆడమనిషి వంగి పాకుతున్నట్టు కనబడుతుంది. చివరికి కాగితం చింపేసి, తానే ఆ మనిషినైనట్టు గది చుట్టూ పాకుతుంది. తలుపు తెరిచిన డాక్టరు మొగుడు మూర్ఛపోతాడు. ఆమె ప్రతి చుట్టులోనూ అతన్ని దాటుకుంటూ పాకుతూనే ఉంటుంది.

ఆ భర్త దుర్మార్గుడు కాడు, అదే భయంకరం. ముద్దు చేస్తాడు, చిన్నపిల్లలా పిలుస్తాడు. తెలుగులో అయితే కచ్చితంగా ‘పిచ్చిపిల్లా’ అంటాడు. ముద్దుమాటా, జబ్బు పేరూ ఒకే మాటలో ఉండటం మన భాషకి దొరికిన అదృష్టమో శాపమో. మన ఇళ్ళల్లో పచ్చి బాలింత పుస్తకం పడితే కళ్ళు పోతాయని లాక్కునే అమ్మమ్మలు ఉండేవారు. వాళ్ళదీ ప్రేమే. ఈ కథ చదివి నాకు తెలిసిన ఒకావిడ, ‘ఆ గది నాకు తెలుసు, మా ఇంట్లో దానికి పచ్చ సున్నం’ అంది.

అప్పట్లో ఒక బోస్టన్ డాక్టరు ఇలాంటివి రాయకూడదు, చదివినవాళ్ళకే పిచ్చెక్కుతుందని పత్రికకి ఉత్తరం రాశాడు. కాన్సాస్ డాక్టరు ఒకాయన, మతి తప్పడం ఎలా మొదలవుతుందో ఇంత బాగా రాసినది ఇంకోటి చూడలేదన్నాడు. తర్వాత కథ చాలాకాలం మరుగున పడి, 1973లో అమెరికాలో ఒక స్త్రీవాద ప్రచురణ సంస్థ విడి పుస్తకంగా వేశాక మళ్ళీ వెలుగులోకి వచ్చింది.

ఇంతకీ దయ్యం ఉన్నట్టా లేనట్టా? ఎవరూ తేల్చరేం?

తేల్చరు. ఫ్రెంచి రచయిత మపాసా ‘ల ఓర్లా’లో కంటికి కనబడని జీవి ఉందో, డైరీ రాసేవాడి మతి పోయిందో తెలియదు. ఐర్లండ్ రచయిత లె ఫాను ‘గ్రీన్ టీ’లో ఒక పాస్టరు గారి వెంట ఎర్ర కళ్ళ నల్ల కోతి పడుతుంది, ఇంకెవరికీ కనబడదు. దయ్యం ఉందని తేలితే తాయెత్తు కట్టొచ్చు. జబ్బని తేలితే మాత్ర వెయ్యొచ్చు. ఏదీ తేలనప్పుడే పాఠకుడికి టెన్షన్.

మన దేశంలో ఇలాంటి కథలు లేవా?

బేతాళ కథలు అనకండి ముందు. శ్మశానం, చెట్టుకి వేలాడే శవం, అర్ధరాత్రి, అన్నీ ఉన్నాయి. కానీ బేతాళుడు చిక్కు ప్రశ్న అడుగుతాడు, విక్రమార్కుడు జవాబు చెబుతాడు. బుర్రకి పదును పెట్టే కథలవి. పిల్లలుగా మనం ఎవరమూ భయపడలేదు.

నేను చెప్పేది రవీంద్రనాథ్ టాగూర్ ‘క్షుధిత పాషాణ్’, 1895. ఆకలిగొన్న రాళ్ళు. పదిహేడో ఏట అహ్మదాబాద్ షాహీబాగ్‌లో అన్నగారి దగ్గర, పాత మొగలు భవనంలో ఉన్నప్పటి అనుభవం దీనికి బీజం. కథ చెప్పే మనిషి జునాగఢ్‌లో కొలువు మానేసి హైదరాబాద్ నిజాం సర్కారులో చేరి, పత్తి మీద సుంకం వసూలుకి బరీచ్ అనే చోటికి వెళ్ళినట్టు చెబుతాడు. పగలు పత్తి లెక్కలు. రాత్రి ఖాళీ పాలరాతి మహల్లో గజ్జెల చప్పుడు, నీళ్ళలోకి పరిగెత్తే అమ్మాయిల అడుగులు. రాత్రయితే ఆయన తన ఉద్యోగాన్నే నమ్మలేడు.

తెల్లారగానే మెహెర్ అలీ అనే పిచ్చివాడు మహల్ చుట్టూ తిరుగుతూ అరుస్తాడు: దూరంగా పోండి, అంతా అబద్ధం! పో కథలో మతి ఉందని అరిచేవాడిని నమ్మం. ఇక్కడ ఊరంతా పిచ్చివాడన్నవాడు ఒక్కడే నిజం చెబుతున్నాడు. పైగా ఈ కథంతా రైల్వే స్టేషన్ వెయిటింగ్ రూములో ఒక అపరిచితుడు చెబుతుంటాడు. అసలు ఘట్టం మొదలయ్యేసరికి రైలొస్తుంది, ఆయన వేరే పెట్టె ఎక్కి వెళ్ళిపోతాడు. మిగతాది ఎవరికీ తెలియదు.

పొగమంచు, చలిగాలి, ఓక్ చెట్లు... నాకు అవి చదివితే భయం వెయ్యదు. తప్పు నాదా?

తప్పేం లేదు. అరకు వెళ్ళి పొగమంచులో సెల్ఫీలు దిగేవాళ్ళం మనం. మన పెద్దలు భయపెట్టింది మిట్టమధ్యాహ్నం పూట చింతచెట్టు కిందకి, పాడుబావి దగ్గరికి వెళ్ళొద్దని. ఆ నిశ్శబ్దం తెలిసినవాళ్ళకి టాగూర్ కథలో ఎండ చాలు. పో కథల్లో మీరు వాతావరణం వదిలేసి చప్పుళ్ళు వెంబడించండి. గడియారం, తలుపు కీలు, గోడ తట్టడం. చప్పుడుకి దేశం లేదు.

ఇలాంటి కథలు మానసిక రోగుల్ని చెడ్డగా చూపించడం లేదా?

కొన్ని చూపించాయి. వాటిని చూసి సినిమాలు ఇంకా ఎక్కువ చూపించాయి. మానసిక జబ్బు ఉన్నవాళ్ళలో అత్యధికులు ఎవరికీ హాని చెయ్యరు. హైదరాబాద్‌లో ‘ఎర్రగడ్డ’ అనే పేటపేరు, విశాఖలో ‘వాల్తేరు’ తిట్లుగా మారిపోయాయి. అక్కడికి వైద్యం కోసం వెళ్ళేవాళ్ళకి ఆ నవ్వు ఎంత బరువో ఆలోచించం. పో కథల్ని రోగ లక్షణాల పాఠంగా చదవొద్దు. గిల్మన్ కథ వేరు. రోగి వైపు కూర్చుని, డాక్టరు వైపు చూస్తూ రాసింది.

తెలుగులోకి అనువదిస్తే ఆ భయం మిగులుతుందా?

కొంత పోతుంది, కొంత కలిసొస్తుంది. ఇంగ్లీషులో కన్ను అనే మాటా, నేను అనే మాటా ఒకేలా వినబడతాయి. కన్నుని చంపుతున్నాననే మాటలో తనని తాను చంపుకోవడం కూడా వినబడుతుంది. అది మనకి రాదు. దానికి బదులు ‘చంపాను’ అన్నప్పుడు మన క్రియ మగో ఆడో చెప్పదు. టెల్-టేల్ హార్ట్‌లో చెప్పేది మగమనిషే అని పో ఎక్కడా నేరుగా రాయలేదు, మనమే అనుకుంటున్నాం. హిందీ అనువాదకుడు మొదటి వాక్యంలోనే తేల్చేయాలి. తెలుగులో చివరిదాకా ఆ గొంతు ఎవరిదో తెలియకుండా ఉంచొచ్చు. ఇంకోటి, మన వాక్యంలో క్రియ చివర్లో వస్తుంది. తలుపు తెరుచుకుందా లేదా అన్నది ఆఖరి మాట దాకా తెలియదు. అషర్ కథ మొదటి వాక్యం అంత పొడుగుది కూడా తెలుగులో ఊపిరి బిగబట్టి నడుస్తుంది. అనువాదకులు దాన్ని నాలుగు ముక్కలు చెయ్యకుండా ఉంటే.

ఏది ముందు చదవాలి? రాత్రి చదవొచ్చా?

మొదట టెల్-టేల్ హార్ట్, పావుగంట పని. పైకి చదవండి, గొంతు పట్టుబడుతుంది. తర్వాత ఎల్లో వాల్‌పేపర్. అషర్ మూడోది, సెలవు రోజు పెట్టుకోండి, ఇంగ్లీషు కొంచెం బరువు. ఇవన్నీ కాపీరైట్ దాటినవే, నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

రాత్రి నిక్షేపంగా చదవొచ్చు. ఎల్లో వాల్‌పేపర్ మాత్రం కొత్తగా అద్దె ఇంట్లో దిగిన వారంలో వద్దు. నేను జ్వరంతో పడుకుని చదివాను, మంచానికెదురుగా గోడ మీద వానకి దిగిన చెమ్మ మరక ఉండేది. మూడో రోజుకి అందులో భుజాలు కనబడ్డాయి. ఇంటాయన సున్నం వేయిస్తానని రెండు నెలలు వాయిదా వేశాడు. చివరికి నేనే దానికి అడ్డంగా క్యాలెండర్ తగిలించాను.